ఇల్లు పడగొట్టే ముందే తేల్చుకోండి: కావలి లాంటి ఊళ్ళో పాత ఇంటి పెళ్లలకు ఏ దారి మేలు?

మొన్న సంక్రాంతి పోయాక మా చిన్నమామ కావలి నుంచి ఫోన్ చేశాడు.

"ఒరే అబ్బయ్యా, రేపు పొద్దున్నే జేసీబీ వస్తాంది. ఇల్లు పడగొట్టాక ఆ పెళ్లలన్నీ ఎక్కడ పోయించాలో నువ్వు చెప్పాల."

"రేపు రానివ్వొద్దు మామా. పది రోజులు ఆపించు. ముందు నేనొచ్చి ఇల్లు చూస్తా" అన్నాను.

ఆ మాట జేసీబీ వచ్చిపోయాక అడిగుంటే నా దగ్గర మంచి జవాబు ఉండేది కాదు. ఇటుక, కాంక్రీటు, కొయ్య, గచ్చు, పైపులు, వైర్లు అన్నీ ఒకే కుప్పయ్యాక దాన్ని ఎవరూ కొనరు. ఊరికే తోలుకుపొమ్మన్నా రారు. విడివిడిగా ఉన్నంతవరకే అది సామాను.

ఇది నాకు మా తాతగారి ఇంటితో తెలిసింది. ఆ సున్నపు ఇంటిని గుత్తకిచ్చేశాం. తీసుకున్నాయన మూడు రోజుల్లో నేల చదును చేసి అప్పగించాడు. మేమూ సంతోషించాం. ఆర్నెల్ల తర్వాత, వానల్లో, ఊరి బయట కాలవ గట్టు మీద పోతుంటే నీళ్ళకు అడ్డంగా ఒక గోడ ముక్క కనిపించింది. నీలం రంగుది. మా నాయనమ్మ సున్నంలో నీలిమందు కలిపించి వంటింటికి వేయించిన రంగు అది. దాని పైభాగాన నీళ్ళు గట్టు దాటి పక్క మడిలోకి పోతున్నాయి. ఆయన్ను అనడానికి నాకు నోరు రాలేదు. ఎక్కడ పోస్తావని మేం ఒక్కరమూ అడగలేదు.

అందుకని, ఈ ఏడాది ఇల్లు తీసి కట్టుకునేవాళ్ళ కోసం నాకు తెలిసినంత రాస్తున్నాను. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు వైపు, ఆ మాటకొస్తే ఒంగోలు చుట్టుపక్కల వాళ్ళకైనా ఈ లెక్కలు దాదాపు ఇలాగే ఉంటాయి.

ముందు ఎంత సామానో లెక్కేసుకోండి

ముప్పై అడుగులకు నలభై అడుగుల ఇల్లు, ఒక అంతస్తు, తొమ్మిదంగుళాల గోడలు, ఐదంగుళాల స్లాబు అనుకుందాం. లోపలి గోడలతో కలిపి రెండొందల అడుగుల గోడ ఉంటుంది. పదడుగుల ఎత్తున, తలుపులూ కిటికీల జాగా తీసేస్తే 1,300 ఘనపుటడుగులు. స్లాబు ఇంకో 500. పడగొట్టాక పెళ్లల మధ్య సందులు వస్తాయి కాబట్టి ఇది ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది. అంటే 2,700 అడుగుల కుప్ప. ట్రాక్టరు ట్రక్కుకు వంద అడుగులు, అంటే ఒక యూనిట్ లెక్కన, ఇరవై ఏడు ట్రక్కులు. బరువు వంద టన్నుల పైమాటే.

ఈ అంకె గుర్తుంచుకోండి. తర్వాత చెప్పేవన్నీ దీని మీదే ఆధారపడతాయి.

గుత్తా, చేతిపనా, రెండూ కలిపా?

గుత్తకిస్తే మీకు తలనొప్పి ఉండదు. మనిషి వచ్చి ఇల్లు చూసి, ఇనుము, కొయ్య, గ్రిల్స్ ఎంత చేస్తాయో మనసులో లెక్క వేసుకుని ఒక మాట చెబుతాడు. కొన్ని ఇళ్ళకు ఆయనే మీకు ఎదురు డబ్బిస్తాడు, కొన్నిటికి మీరే ఇవ్వాలి. ఎటైనా ఆయన లాభం ఇనుములో, కలపలో ఉంటుంది. ఇటుక ముక్కలు ఆయనకు బరువే. వాటిని ఎంత దగ్గరలో పారబోస్తే ఆయనకు అంత మిగులు. ఆ దగ్గర చోటు చాలాసార్లు కాలవో, చెరువు అంచో, వాగో అవుతుంది. పెన్నా మీది సంగం బ్యారేజీ నుంచి వచ్చే నీళ్ళ మీద బతికే ఆయకట్టులో ఒక్క పిల్లకాలవ పూడినా దిగువ రైతుకు ఆ కారు పంట పోయినట్టే.

పూర్తిగా చేతిపని అంటే పైనుంచి కిందికి, కట్టిన వరసకు ఎదురు వరసలో విప్పడం. రోజులు పడతాయి, కూలి ఎక్కువ. అయితే వచ్చే సామాను మొత్తం మీదే.

మూడోది, నేను ఎక్కువ ఇళ్ళకు చెప్పేది: తలుపులు, కిటికీలు, పెంకు, దూలాలు, వైరింగు, పైపులు, వంటింటి బండలు, నేల బండలు చేత్తో తీయించి, మిగిలిన గోడలకే మిషను పెట్టడం. జేసీబీ ఆలస్యమయ్యేది నాలుగైదు రోజులే. ఆ నాలుగైదు రోజుల్లోనే కుప్పలో కలవకూడనివన్నీ బయటికొచ్చేస్తాయి.

గుత్తకే ఇవ్వక తప్పని వాళ్ళున్నారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం, ఇక్కడ నిలబడి చూసుకునే మనిషి ఉండడు. అలాంటప్పుడు బేరం కుదిరిన రోజే, పెళ్లలు ఎవరి స్థలంలో పోస్తాడో సర్వే నంబరుతో సహా కాగితం మీద రాయించుకోండి. ఆ స్థలం మనిషి ఒప్పుకున్నట్టు సంతకం కూడా ఉండాలి. ఆఖరి విడత డబ్బులు ఆ చోట దింపిన ఫోటోలు చూశాకే ఇవ్వండి.

మీ ఇల్లు ఏ రకందో చూడండి

ఇక్కడే అసలు తేడా. ఒకే సలహా అన్ని ఇళ్ళకూ పనికిరాదు.

సున్నపు ఇల్లయితే చేతిపనే, ఇంకో మాట లేదు. 1953 దాకా మనది మద్రాసు రాష్ట్రం. మన పాత ఊళ్ళలో మద్రాసు టెర్రస్ ఇళ్ళు ఇంకా ఉన్నాయి. టేకు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా దంతెలు, ఆ పైన సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి సున్నం, ఆపైన ఇటుక కంకర కాంక్రీటు. గానుగ సున్నంతో కట్టిన గోడలో ఇటుక ముక్క కాకుండా వస్తుంది. తాపీ అంచుతో రెండు దెబ్బలేస్తే సున్నం ఊడిపోతుంది. అదే సిమెంటు గోడలో సిమెంటే ఇటుక కన్నా గట్టిగా ఉండి, ఇటుకే పగులుతుంది. ఈ ఒక్క తేడా వల్లే సున్నపు ఇల్లు జేసీబీకి అప్పగించడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పాత ఇటుకను వాడే ముందు రెండు పరీక్షలు. రెండు ఇటుకలు ఒకదానికొకటి తట్టండి, ఖంగుమనాలి. తర్వాత ఒక ఎండిన ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్ళలో నానేసి మళ్ళీ తూచండి. బరువు ఐదో వంతు కన్నా ఎక్కువ పెరగకూడదు. మూడు కిలోలది మూడు కిలోల ఆరొందల గ్రాములు దాటితే గోడకు పెట్టొద్దు. సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళు, తుమ్మలపెంట వైపు వాళ్ళయితే, మోకాలెత్తు వరకు గోడ ఎలా ఉందో ముందే చూడాలి. తెల్లగా ఉప్పు పొంగి, పొట్టు రాలుతున్న వరసల ఇటుకను కొత్త గోడలోకి తెచ్చారంటే ఆ ఉప్పును కూడా తెచ్చుకున్నట్టే. దాన్ని విడిగా పోయించండి. పై వరసల ఇటుక బాగుంటే ప్రహరీకి, లోపలి అడ్డగోడలకు వాడుకోవచ్చు. వాడేముందు బాగా తడపాలి.

పాత సున్నాన్ని మళ్ళీ మెత్తగా కొట్టి కలిపితే పట్టు వస్తుందని కొందరు నమ్ముతారు. రాదు. ఒకసారి గాలికి గట్టిపడ్డ సున్నం మళ్ళీ రాయే. పూడికకు పనికొస్తుంది, అంతే. ఇటుక పొడి సంగతి వేరు. బాగా కాలిన ఇటుకను మెత్తగా దంచి కొత్త సున్నంలో కలిపితే అదే సుర్కీ. మన పెద్దవాళ్ళు తొట్లకు, మిద్దెలకు వాడింది అదే.

దూలాలు అమ్మేటప్పుడు ఒక్క అడితికే వెళ్ళి మాట తీసుకోవద్దు, కనీసం రెండు చోట్ల అడగండి. గోడలోకి దూరిన కొసలు చెమ్మకో, చెదలకో పోయి ఉంటాయి. ఆ కొసలు రెండు వైపులా అడుగు మేర కోయించి, మేకులు పీకించి చూపిస్తే, లోపల ఎలా ఉందో అనే అనుమానంతో ధర తగ్గించే వీలుండదు.

పెంకుటిల్లు తేలిక. మంగుళూరు పెంకును అంచు మీద నిలబెట్టి పేర్చాలి, పడుకోబెడితే అడుగువి చిట్లిపోతాయి. వాసాలు పశువుల కొట్టానికీ, పందిరికీ ఎప్పుడూ అడిగేవాళ్ళుంటారు.

సిమెంటుతో కట్టిన ఇటుక గోడలు, పైన స్లాబు ఉన్న ఇళ్ళకు, అంటే ఇప్పుడు ఎక్కువగా పడగొడుతున్నవాటికి, పైన చెప్పిన మూడో పద్ధతి. మొత్తం ఇటుక శుభ్రం చేయించాలని పట్టుబడితే కూలి గిట్టుబాటు కాదు. మిషను తీసినప్పుడు దానంతట అది ముక్క కాకుండా వచ్చిన ఇటుకను పక్కన పేర్పించుకుంటే చాలు. స్లాబును బ్రేకరుతో కొట్టించి కమ్మీ వేరు చేయించండి. ఆ కమ్మీని సాగదీసి కొత్త స్లాబులో వేస్తామనే మేస్త్రీ మాట వినొద్దు. వంగి, తుప్పుపట్టి, మళ్ళీ వంచి తిన్నగా చేసిన కమ్మీ బలం ఎంతో చెప్పలేం. పాత ఇనుముకు అమ్మేయండి.

రెండు మూడు అంతస్తుల పిల్లర్ల బిల్డింగయితే ఇంజనీరు లేకుండా ముట్టుకోవద్దు. కింద పిల్లరును మిషనుతో తోసి పడేయడం నేను ఒకసారి చూశాను. పక్కింటి గోడ నిట్టనిలువుగా చీలింది. లోపల మనుషులున్నారు.

పెళ్లలకు దారులు

ఇరవై ఏడు ట్రక్కుల గురించి ఇప్పుడు.

అన్నిటికన్నా మంచి చోటు మీ కొత్త ఇంటి బేస్‌మెంటే. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతోంది కాబట్టి కొత్తగా కట్టేవాళ్ళందరూ ఎలాగూ మెరక తోలిస్తున్నారు. అదే ముప్పై నలభై స్థలంలో మూడడుగులు లేపాలంటే గోడల కింద పోయేది పోగా మూడు వేల అడుగులకు పైగా పూడిక కావాలి. మీ కుప్ప దిమ్మిస కొట్టాక రెండు వేల చిల్లరకు దిగుతుంది. అంటే పాత ఇల్లంతా కొత్త ఇంటి అడుగున సరిపోతుంది, ఇంకా గ్రావెల్ తోలించాల్సి ఉంటుంది. చాలామంది తమ పెళ్లలను డబ్బిచ్చి బయటికి పంపించి, అంతే మట్టిని డబ్బిచ్చి లోపలికి తెప్పించుకుంటున్నారు. ఈ రెండు ఖర్చులూ కళ్ళముందే ఉన్నా, వాటి మధ్య రెండు నెలల తేడా ఉండటంతో కలిపి చూడటం లేదు.

దీనికి అడ్డంకి చోటు. పునాది తవ్వి, దాని మీద ప్లింత్ బీము అనే కాంక్రీటు పట్టీ పోసేదాకా పూడిక మొదలుకాదు. అన్నాళ్ళు కుప్ప ఎక్కడుండాలి? వెనక పెరడుంటే అక్కడ. లేకపోతే పక్క ఖాళీ స్థలం వాళ్ళను ఫలానా తేదీలోపు ఖాళీ చేస్తామని రాసిచ్చి అడగండి. రోడ్డు మీద మాత్రం వద్దు. రాత్రిపూట బండి మీద వచ్చేవాడికి కనపడదు, వానకు ఆ మన్నంతా కొట్టుకొచ్చి సైడు కాలవలో చేరుతుంది.

పూడికలో పిడికిలి కన్నా పెద్ద ముక్క ఉండకూడదు. పెద్ద పెళ్లల మధ్య సందులు మిగిలిపోయి, రెండేళ్ళకు ఫ్లోరింగు కుంగుతుంది. అర అడుగు, ముప్పావు అడుగు పొరలుగా పోసి, పైన క్రషర్ డస్టో సన్న గ్రావెలో చల్లి, నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టించండి. కొయ్య ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు, చెదలకు దారి చూపించేది అదే. ప్లాస్టిక్, పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగు ముక్కలు కూడా ఏరేయాలి. పీవోపీలో ఉండే సల్ఫేటు సిమెంటును తినేస్తుంది.

బాగా కాలిన ఇటుక ముక్కలుంటే కంకరలా కొట్టించి ఫ్లోరింగు కింద బెడ్డుకు వాడొచ్చు. కాంక్రీటు ముక్కలతో చేసిన కంకరకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016 సవరణలో, చోటిచ్చింది. కమ్మీ లేని కాంక్రీటులో 25 శాతం వరకు, కమ్మీ ఉన్నదాంట్లో ఎం25 అనే బలం గ్రేడు దాకా 20 శాతం వరకు, ఎం15 కన్నా తక్కువ బెడ్డు కాంక్రీటులో మొత్తానికి మొత్తం. ఇటుక కలిసిన కంకరైతే బెడ్డుకే. పాత సిమెంటు అంటుకుని ఉండటం వల్ల ఈ కంకర నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది, ముందు నానబెట్టాలి. ప్రమాణం ఒప్పుకున్నా, పరీక్ష లేకుండా మీ ఇంటి స్లాబులో మాత్రం వేయొద్దంటాను. ఉప్పుగాలి తగిలే మన తీరంలో కమ్మీ తుప్పు సంగతి అసలే కష్టం.

పెళ్లల పొడిని ఇసుకలా జల్లెడ పట్టించుకుందామని కూడా కొందరు అడుగుతారు. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితం, తవ్వకం, రవాణా ఖర్చులే పడతాయి. జల్లెడ కూలి దానికన్నా తక్కువ పడితే చూడండి, నాకైతే కుదరలేదు.

మీకు పూడిక అక్కర్లేకపోతే, కావాల్సిన వాళ్ళను వెతకడం రెండో దారి. పొలానికి పోయే డొంక బురదైన రైతు, గోడౌను కట్టే మనిషి, లోతు ప్లాటు కొన్నవాళ్ళు ఉంటారు. ఏరిన పెళ్లలంటే ట్రక్కు కిరాయి వాళ్ళే పెట్టుకుని వస్తారు, కలగాపులగమైతే రారు. డొంకకు వేసేటప్పుడు కమ్మీ ముక్కలూ గాజూ లేకుండా చూడండి, ఎద్దు గిట్టలో దిగితే పాపం.

చిన్న క్రషర్ తెప్పించడం ఒక్క ఇంటికి దండగ. దాన్ని తేవడం, నిలపడం, దుమ్ము, చప్పుడు, వీధివాళ్ళ మాటలు. అయితే రోడ్డు వెడల్పులో వరసగా ఇరవై ఇళ్ళు పోతున్నప్పుడో, పాత బడి భవనాలు తీసేస్తున్నప్పుడో మున్సిపాలిటీ ఈ పని చేస్తే బాగుంటుంది. అలా వచ్చిన కంకరను రోడ్ల అడుగు పొరల్లో ఎలా వాడాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నుంచి ఐఆర్‌సీ 121 అని 2017లోనే మార్గదర్శకాలు వచ్చాయి. వార్డు కౌన్సిలర్లు ఎవరైనా ఇది చదువుతుంటే కౌన్సిల్లో ఆ పుస్తకం పేరు చెప్పి అడగండి.

పెళ్లలను రీసైకిల్ చేసే పెద్ద ప్లాంటుకు పంపలేమా?

పంపొచ్చు. లెక్క చూడండి. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు ఒక్కొక్కటి రోజుకు 500 టన్నులు తీసుకునేలా కట్టినవి. చెన్నైలోనూ ఉన్నాయి. కావలి నుంచి చెన్నై దగ్గర దగ్గర 230 కిలోమీటర్లు. పది టన్నుల టిప్పరుకు వంద టన్నులు పది తిరుగుళ్ళు, రానూపోనూ 4,600 కిలోమీటర్లు. ఇటుక ముక్కల కోసం అంత డీజిలు కాల్చడంలో ఏం మంచి ఉందో నాకు కనపడలేదు. పోనీ మన ఊళ్ళోనే అంత ప్లాంటు పెడదామంటే, దాని కడుపు నిండాలంటే కావలిలో రోజూ ఐదిళ్ళు కూలాలి. 2011 లెక్కల్లో తొంభై వేల జనాభా ఉన్న ఊరది. చిన్న ఊళ్ళకు సరిపడేది పెద్ద ప్లాంటు కాదు. ఇంటింటి దగ్గర వేరు చేయడం, మిగిలింది పోసుకోవడానికి ఊరికి ఒక గుర్తించిన చోటు. మీ మున్సిపాలిటీలో ఆ చోటు ఎక్కడో పడగొట్టేముందే వెళ్ళి అడగండి. కొత్త ప్లాను పెట్టేటప్పుడే అడిగితే ఒక్క తిరుగుడుతో పోతుంది.

నిబంధనల మాట కూడా ఒకటి. కట్టడాల వ్యర్థాల మీద 2016లో వచ్చిన కేంద్ర నిబంధనలు, ఒక్క రోజులో 20 టన్నులు గానీ, నెలలో ఒక పనికి 300 టన్నులు గానీ దాటితే కాంక్రీటు, మట్టి, ఇనుము, కొయ్య, ప్లాస్టిక్, ఇటుక వేరు చేసి, ప్రణాళిక ఇచ్చి అనుమతి తీసుకోవాలన్నాయి. మనదేం పెద్ద పని కాదులే అనుకుంటాం. వంద టన్నుల ఇంటిని జేసీబీ ఒక్క రోజులో నేలమట్టం చేస్తే ఆ లెక్కన ఆ రోజే గీత దాటేసినట్టు. వాటి స్థానంలో 2025లో తెచ్చిన కొత్త నిబంధనలకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. వాటిలో ముఖ్యమైన బాధ్యత 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే పెద్ద నిర్మాణాల మీద పడుతుంది.

సిమెంటు రేకుల జాగ్రత్త

బాత్రూముల మీద, వసారాల మీద ఉండే పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. సుత్తితో కొట్టినా, జేసీబీ కింద నలిగినా లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ళ తర్వాత జబ్బు చేస్తుంది. నీళ్ళు చల్లి తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగా దింపించండి. పనివాళ్ళకు మూతికి తువ్వాలు చాలదు, మంచి మాస్కులు మీరే కొనివ్వండి. పూడికలో, కంకరలో వాటి ముక్క కూడా కలవకూడదు.

మామ ఇల్లు మూడో రకం, అంటే సిమెంటు గోడలూ స్లాబూ ఉన్నది. వెళ్ళి చూసి రెండూ కలిపిన పద్ధతే చెప్పాను. ఆరు రోజులు చేతిపని, రెండు రోజులు మిషను. ద్వారబంధాలు నాలుగూ కొత్త ఇంటికే ఉంచుకున్నాడు, నేల బండలు పెరట్లో బాటకు పక్కన పెట్టించాడు. ఇరవై ట్రక్కుల పైచిలుకు కుప్ప వెనక పెరట్లో టార్పాలిను కింద ఉంది. పద్నాలుగు సిమెంటు రేకులు ఒక్కటీ పగలకుండా దిగాయి, మందపాటి కవరు చుట్టి గోడ వార నిలబెట్టించాం. వాటిని ఎక్కడికి పంపాలో కనుక్కోవడానికి అర్జీ రాశాం. మామ సోమవారం మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్తున్నాడు.